ఇరవై అడుగుల వీధిలో ఆరో అపార్టుమెంటు: మన కాలువ, మన కుళాయి మోస్తాయా?

పాత_ఇల్లు | ఆదివారం రాత్రి 8:10

శ్రీకాకుళం ఎనభై అడుగుల రోడ్డుకి లోపలి వైపు వీధుల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే కాస్త చదివి చెప్పండి. మా వీధి వెడల్పు ఇరవై అడుగులు. మేం ఇల్లు కట్టుకున్న రోజుల్లో వీధి మొత్తం డాబాలు, మధ్యలో ఒకటో రెండో పెంకుటిళ్లు. ఇప్పుడు అయిదు అపార్టుమెంట్లు లేచాయి. ఆరోదాని కోసం మూల ఇల్లు పోయిన వారం పడగొట్టారు. నాలుగు వందల గజాల జాగా. కింద కార్లకి వదిలే స్టిల్టు మీద నాలుగంతస్తులకే పర్మిషన్ అని మేస్త్రీ అంటున్నాడు, అయిదు వేస్తారని వీధంతా అనుకుంటోంది.

అపార్టుమెంట్లు వద్దని కాదు నా మాట. కుళాయి వదిలిన గంటలో ముందు అరగంట గాలి తప్ప నీళ్లు రావడం లేదు. గట్టి వాన పడితే కాలువ నీళ్లు గేటు దాటి లోపలికి వస్తున్నాయి. రాత్రి తొమ్మిది దాటాక కారు తియ్యాలంటే ముగ్గురి తలుపులు కొట్టి వాళ్ల బళ్లు తీయించాలి. ఇంకో అరవై మంది వచ్చి చేరితే ఏమిటి పరిస్థితి? పర్మిషన్ ఇచ్చేముందు ఇదంతా ఎవరైనా చూస్తారా, లేక స్థలం కాగితాలు సరిగ్గా ఉంటే చాలా? అభ్యంతరం చెప్పాలంటే ఎవరికి చెప్పాలి?

ఫ్లాట్_302 | ఆదివారం రాత్రి 8:46

మాస్టారూ, మీరు అపార్టుమెంట్లు వద్దని కాదంటూనే "అరవై మంది వచ్చి చేరితే" అన్నారు. అలా వచ్చి చేరినవాళ్లలో మేమూ ఒకళ్లం కదండీ. మాది టెక్కలి వైపు. పిల్లల చదువు కోసం, అమ్మని ఆసుపత్రికి తిప్పడానికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ ఫ్లాటు కొన్నాం. ఇరవై ఏళ్ల లోను. టౌన్లో రెండు వందల గజాలు కొని ఇల్లు కట్టుకునే స్తోమత మాకు ఈ జన్మకి రాదు. కుళాయి నీళ్లు మాకూ రావడం లేదు, మేం ట్యాంకరుకి డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం. పాత ఇళ్లవాళ్లు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటే ఏం లాభం?

బలగమెట్టు_బాబాయ్ | ఆదివారం రాత్రి 9:02

ఏటండీ, ఇద్దరికీ నీళ్లు రాకపోతే మరి ఎవరికి వస్తున్నాయి? నేను చెప్తాను. మోటారు ఉన్నోడికి వస్తున్నాయి. మా వీధిలో కుళాయి పైపుకే సరాసరి అర హెచ్‌పీ మోటారు బిగించి లాగుతున్నారు. పొద్దున్నే లేచి గోడకి చెవి ఆనిస్తే ఎవరింట్లో ఆడుతోందో తెలిసిపోతాది. ఒకడు పెట్టాడని పక్కోడు, పక్కోడు పెట్టాడని ఎదురోడు. అపార్టుమెంటోళ్లయితే సంపు తవ్వి ఒకటిన్నర హెచ్‌పీది పెట్టారు. చివరింటి ముసలమ్మ బిందె పట్టుకుని కుళాయి కాడ కూర్చుంటే, ఆ కుళాయి నీళ్లు ఇవ్వడం మానేసి గాలి పీలుస్తోంది. వేలు పెట్టి చూడండి, లోపలికి లాగుతాది. అదే టైములో పైపుకి ఎక్కడో చిల్లుంటే కాలువ నీళ్లు కూడా అందులోకే పోతాయి. ఆ నీళ్లే తాగుతున్నాం.

సిమెంటు_బస్తా | ఆదివారం రాత్రి 9:37

నేను ప్లాన్లు గీసి సబ్మిట్ చేసే పనిలోనే ఉన్నాను కాబట్టి తెలిసింది చెప్తాను.

మాస్టారు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు: చూసేది ఆ స్థలం వరకే. దస్తావేజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఎత్తు, పార్కింగు, ఇంకుడు గుంత. భవన నిర్మాణ నిబంధనల మీద 2017లో వచ్చిన జీవో 119, దాని మీద తర్వాత వచ్చిన సవరణలు, అన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. "ఈ వీధిలో ఇప్పటికే ఎన్ని ఫ్లాట్లున్నాయి, ఈ పైపు ఎంతమందికి వేసింది" అని నేను పెట్టిన ఏ ఫైల్లోనూ ఎవరూ అడగలేదు. ఆరు ఫైళ్లూ విడివిడిగా చూస్తే ఆరూ సక్రమమే. ఆరూ కలిపి చూసే ఫైలు లేదు.

నీళ్ల లెక్క వింటే ఇంకా బాగా అర్థమవుతుంది. తాగునీటి పథకాలు డిజైన్ చెయ్యడానికి కేంద్రం 1999లో ఇచ్చిన మాన్యువల్ ఒకటుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లకి మనిషికి రోజుకి 135 లీటర్లు అంటుంది. పైపుల్లో నీళ్లున్నా భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లకి 70 చాలంటుంది. మన లోపలి వీధుల్లో ఉన్నది పక్క కాలువే. పాత ఇంట్లో అయిదుగురుంటే 350 లీటర్లు. అదే స్థలంలో అంతస్తుకి మూడు చొప్పున అయిదంతస్తులు వేస్తే 15 ఫ్లాట్లు, అరవై మంది. ఫ్లాట్లో ఫ్లష్షు, షవరు, వాషింగ్ మెషీను అన్నీ ఉంటాయి కాబట్టి 135 వేసుకోవాల్సిందే. మొత్తం 8,100 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నరకి పైనే. వాడిన నీళ్లలో ఎనభై శాతం మురుగుగా బయటికొస్తుందని లెక్క కడతారు. అంటే సుమారు ఆరున్నర వేల లీటర్లు, రోజూ, ఒక్క బిల్డింగు నుంచి, వాన నీళ్ల కోసం తవ్విన అడుగున్నర కాలువలోకి.

పాత_ఇల్లు | ఆదివారం రాత్రి 10:05

302 గారూ, నొప్పించి ఉంటే మన్నించండి. మీ మీద కాదు నా ఫిర్యాదు.

సిమెంటు బస్తా గారు కాలువ మాట ఎత్తారు కాబట్టి మా వీధిలో నేను రోజూ చూసేది చెప్తాను. ప్రతి అపార్టుమెంటు ముందూ కార్లు ఎక్కడానికి ర్యాంపు పోస్తారు. ఆ ర్యాంపు కాలువ మీదుగా రోడ్డులోకి నాలుగడుగులు వస్తుంది. మొత్తం కాంక్రీటే. పలక ఎత్తే వీల్లేదు, గునపం పెట్టే సందు లేదు. కాలువ శుభ్రం చేసే కార్మికులు వస్తారు పాపం, ర్యాంపుకి ఈ పక్కన పూడిక తీస్తారు, ఆ పక్కన తీస్తారు. ముప్ఫై అడుగుల పొడవునా ర్యాంపు కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఒకతను వెదురు కర్ర లోపలికి తోసి కెలికి చూశాడు. కర్ర చివర ఏం వచ్చిందో ఇక్కడ రాయను. ఆ గట్టిపడిన పూడిక దగ్గర నీళ్లు ఆగిపోయి, ర్యాంపు లేని ఇళ్ల ముందు పొంగుతాయి. అంటే ర్యాంపు ఎవరిదో వాళ్ల స్టిల్టు పొడిగా ఉంటుంది, పక్కన పల్లంలో ఉన్న పాత ఇంటి వసారాలోకి నీళ్లొస్తాయి. కొత్త బిల్డింగులన్నీ రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు లేపి కడుతున్నారు. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. మా గుమ్మం ఒకప్పుడు రోడ్డుకి రెండు మెట్ల పైన ఉండేది, ఇప్పుడు ఒక మెట్టు కిందకి దిగాలి.

మందార_చెట్టు | సోమవారం ఉదయం 6:20

నేను కూడా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చినదాన్నే. ఈ కాలనీలో కాదు, గుజరాతీపేట వైపు. అందరూ బిల్డర్ని, ఫ్లాట్లవాళ్లని అంటున్నారు, ఇల్లిచ్చినవాళ్ల సంగతి కూడా వినండి. మా ఆయన పోయాక ఆ పెద్దింట్లో ఒక్కదాన్నే. అబ్బాయి హైదరాబాదు, అమ్మాయి చెన్నై. హుద్‌హుద్‌కి కదిలిన పెంకు చివరిదాకా కారుతూనే ఉండేది. పెరట్లో కొబ్బరిచెట్లు దింపడానికి మనుషులు దొరకరు. పెద్దింటి పన్ను కట్టడం, గోడలకి సున్నం కొట్టించడం నా పెన్షన్తో అయ్యే పని కాదు. సగం సగం వాటాకి ఇచ్చేశాను. నాకు వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో ఉంటున్నాను, మిగిలినవి అద్దెకిచ్చాను. రాత్రి ఒంట్లో బాగోకపోతే తలుపు కొట్టడానికి ఎదురు ఫ్లాటు ఉంది. పాత ఇంట్లో ఉన్నప్పుడు కింద పడ్డా తెల్లారేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

నుయ్యి గురించి మాత్రం బాధగా ఉంటుంది. మాది వరల నుయ్యి. మే నెలలో కూడా చేద వేస్తే నీళ్లు తగిలేవి. పునాదులప్పుడు పూడ్చేసి అక్కడే లోతుగా బోరు వేశారు. ఆ తర్వాత వేసవికి పక్కింటివాళ్ల నూతిలో నీళ్లు అడుగంటాయి. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, కానీ మాట తగ్గించేసింది.

ఫ్లాట్_302 | సోమవారం ఉదయం 7:15

పిన్నిగారూ, బోరు సంగతి మా బిల్డింగులో కూడా అంతే. మొదట్లో బాగా వచ్చేవి, ఇప్పుడు ఎండాకాలంలో ఉదయం పావుగంట ఆడించేసరికి బురద. హుద్‌హుద్ అన్నారు కదా, అప్పటికే కాలనీలో ఉన్న మొదటి అపార్టుమెంటువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కరెంటు లేక మోటారు ఆడక, లిఫ్టు లేక, నాలుగో అంతస్తుకి బకెట్లతో నీళ్లు మోసుకున్నారట. నీళ్లు ఎవరి నూతిలోంచి తెచ్చారంటే, పాత ఇళ్లవాళ్ల నూతుల్లోంచే. ఇప్పుడు అలాంటి తుఫాను వస్తే ఎవరింటికి వెళ్లాలి?

సిక్కోలు_టు_చెన్నై | సోమవారం ఉదయం 10:31

ఇవన్నీ మాటలతో తేలేవి కావు. హైకోర్టులో రిట్ వెయ్యండి, స్టే వస్తే బిల్డర్ దారికొస్తాడు. మనవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడటం తప్ప చేసిందేమీ లేదు. చెన్నైలో మా అసోసియేషన్ అయితే ఈపాటికి లాయర్ని పెట్టేసేది.

బలగమెట్టు_బాబాయ్ | సోమవారం ఉదయం 10:48

బాబూ, చెన్నై నుంచి నువ్వు అనేస్తావు. లాయరు ఫీజు ఎవరిస్తారు, అమరావతి ఎవరెళ్తారు? బస్సెక్కించి పంపుతాం, నువ్వే రా.

వార్డు_రికార్డు | సోమవారం మధ్యాహ్నం 1:22

కోర్టు దాకా వెళ్లాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. అసలు మన ఊళ్లో దీని గురించి ఎవర్ని అడగాలన్నదే పెద్ద చిక్కు. కొత్తగా వచ్చినవాళ్లకి తెలియకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

శ్రీకాకుళం మున్సిపాలిటీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2005లో. ఆ కౌన్సిల్ గడువు 2010లో అయిపోయింది. అప్పటినుంచి ప్రత్యేకాధికారుల పాలనే. 2015లో కార్పొరేషన్ చేశారు, చుట్టుపక్కల పంచాయతీలు కలిపారు, ఆ విలీనాల మీద కేసులు పడ్డాయి. రాష్ట్రమంతా 2021లో పురపోరు జరిగినప్పుడు కూడా మనది జాబితాలో లేదు. 2010లో పుట్టిన పిల్లాడు పదో తరగతి వయసుకొచ్చినా వాడికి "మా కార్పొరేటరు" అంటే ఎవరో తెలియదు. వేరే ఊళ్లో అయితే కాలువ పొంగితే వార్డు మెంబరు ఇంటి ముందు నిలబడతారు. ఓటు కోసమైనా వాడొచ్చి కాలువలో కర్ర పెట్టి చూస్తాడు. మనకి ఆ గుమ్మమే లేదు. సంతకం పెట్టే అధికారి ఉంటాడు, మనల్ని మళ్లీ ఓటడగాల్సిన అవసరం ఆయనకి ఉండదు. ఆయన మంచివాడా కాదా అన్నది కాదు విషయం, రేపు బదిలీ అయితే కొత్తాయనకి మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఇప్పుడున్న దారులు చెప్తాను. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఒకరు, ఎమినిటీస్ కార్యదర్శి ఒకరు ఉంటారు. ప్లానుకి భిన్నంగా కడుతున్నారా అన్నది మొదటివారి పని, నీళ్లూ కాలువలూ రెండోవారివి. నోటితో చెప్పొద్దు, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్స్. అక్కడ నంబరు పడుతుంది. మూడోది సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. "మా వీధికి న్యాయం చెయ్యండి" అని రాస్తే జవాబు రాదు. మంజూరైన ప్లాను నకలు, ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు, వీధి పైపు ఎన్ని అంగుళాలది, ఎప్పుడు వేశారు, ఈ వీధిలో వచ్చిన పర్మిషన్ల మీద ఎంత ఫీజు వసూలైంది, ఆ వీధిలో ఎంత ఖర్చయింది. ఇలా కాగితంలో ఉండేవాటినే అడగాలి.

ఇంకోటి. సైటు ముందు పర్మిషన్ వివరాల బోర్డు పెట్టడం తప్పనిసరి. మూల స్థలం దగ్గర బోర్డు ఉందా మాస్టారూ?

పాత_ఇల్లు | సోమవారం మధ్యాహ్నం 2:10

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. బోర్డు ఉంది, దాని ముందు ఇసుక గుట్ట పోశారు. పైన బిల్డర్ పేరు, ఫోన్ నంబరు కనిపిస్తున్నాయి, కావాల్సిన భాగం ఇసుకలో ఉంది.

మోడరేటర్ | సోమవారం మధ్యాహ్నం 2:25

ఆ పేరు, నంబరు ఇక్కడ పెట్టకండి. ఇంకెవరో పెట్టిన ఫోటో ఒకటి తీసేశాను. మనుషుల్ని కాదు, పని గురించి మాట్లాడండి.

గజం_బిల్డర్ | సోమవారం సాయంత్రం 5:40

పేరెందుకండీ దాయడం, ఆ సైటు నాదే. ఎవరో లింకు పంపిస్తే మొత్తం చదివాను. నేను పెద్ద కంపెనీ కాదు, తాపీ మేస్త్రీగా మొదలై వచ్చినవాణ్ణి. మీరంతా నన్నొక రాక్షసుణ్ణి చేస్తున్నారు కాబట్టి నా వైపు కూడా వినండి.

ప్లాను పెట్టినప్పుడు లైసెన్సు ఫీజు, డెవలప్‌మెంటు చార్జీలు, అవీ ఇవీ కలిపి లక్షల్లో కట్టాను. ఆ డబ్బు ఎందుకు? పైపు, కాలువ, రోడ్డు కోసమే కదా. కట్టిన తర్వాత మళ్లీ కాలువ వెయ్యాల్సింది కూడా నేనేనా? కరెంటుకి ట్రాన్స్‌ఫార్మరు డబ్బు కూడా నేనే కట్టుకుంటున్నాను. జాగా ధర గజానికి ఏ రేటుకి వెళ్లిందో మీకు తెలుసు. స్థలం యజమానికి సగం వాటా ఇచ్చాక నాలుగంతస్తుల మీద నాకు మిగిలేది ఏమీ లేదు. మిగలాలంటే ఏం చెయ్యాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ర్యాంపు విషయం ఒప్పుకుంటాను, అది తీసేసి ఇనప జాలీ పెట్టొచ్చు. కొనేవాళ్లు "కారు ఎక్కేటప్పుడు చప్పుడవుతుంది" అంటారు, అందుకే కాంక్రీటు పోస్తాం.

సిమెంటు_బస్తా | సోమవారం సాయంత్రం 6:18

అన్నా, నువ్వు సూటిగా మాట్లాడావు కాబట్టి నేనూ సూటిగానే అడుగుతాను. "ఏం చెయ్యాలో చెప్పక్కర్లేదు" అంటే అయిదో అంతస్తు అనే కదా. చదివేవాళ్లకి తెలియడానికి దాని కథ రాస్తాను.

పర్మిషన్ అప్పుడు కట్టే మొత్తం జాగాలో పది శాతం పురపాలక సంస్థకి తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అదే ఓసీ, తెచ్చుకుంటే విడిపిస్తారు. అదనపు అంతస్తు వేస్తే ఓసీ రాకూడదు. ఓసీ లేకపోతే నీళ్లు, కరెంటు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు, ఇస్తే మూడు రెట్లు చార్జీ అని రూల్సులోనే ఉంది. కాగితం మీద ఇంత గట్టిగా ఉన్నా వేస్తున్నారంటే, ఎప్పుడో ఒకప్పుడు బీపీఎస్, అంటే అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం, వస్తుంది, అపరాధ రుసుం కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చన్న ధీమాయే కారణం. 2007 చివర్లో వచ్చింది, 2015లో వచ్చింది. రూలు పాటించినవాడు పిచ్చోడు, పాటించనివాడు ఫీజు కట్టినోడు. పై అంతస్తు ఫ్లాటుకి బ్యాంకు లోను ఇవ్వడానికి వెనకాడుతుంది కాబట్టి రొక్కం ఉన్నవాళ్లకి కాస్త తక్కువకి అమ్ముతారు. కొన్నవాడి నెత్తిన ఓసీ లేని ఇల్లు, వీధి నెత్తిన పన్నెండు మంది ఎక్కువ.

చిన్న స్థలాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకి తెచ్చిన రెరా చట్టంలో 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా ఎనిమిది మించని ఫ్లాట్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట ఉంది. నాలుగు వందల గజాలంటే సుమారు 334 చదరపు మీటర్లు. దాన్ని పట్టుకునే మన ఊళ్లో చాలామంది "మాకు రెరా వర్తించదు" అంటారు. వీధుల్ని నింపేస్తున్నవేమో సరిగ్గా ఈ సైజువే.

రాత్రి_డ్యూటీ | సోమవారం రాత్రి 11:50

ఆసుపత్రిలో పనిచేస్తాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. పార్కింగు గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు. పోయిన నెల ఇలాంటి వీధిలోంచే ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు, గుండె నొప్పి. అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. రెండు పక్కలా కార్లు, మధ్యలో కంకర. స్టిల్టులో కార్లుండాల్సిన చోట వాచ్‌మెన్ గది, దాని పక్కన జిరాక్సు షాపు, షట్టరుతో సహా. స్ట్రెచరు చక్రాలు కంకరలో దిగబడుతుంటే ఎత్తి మోసుకొచ్చారు. పైనుంచి దించడం ఇంకో కథ, ఆ లిఫ్టులో స్ట్రెచరు పట్టదు, కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. ఆయన బతికారు లెండి. అంబులెన్సుకే దారి లేని చోట ఫైరింజన్ ఎలా వస్తుందో ఆలోచించండి. ప్రతి వంటింట్లో రెండేసి సిలిండర్లు.

పేషెంటు పిలుస్తున్నారు, ఉంటాను.

కంటోన్మెంట్_కుర్రాడు | మంగళవారం ఉదయం 9:05

మాది విజయనగరం. కార్పొరేటరు లేకపోవడమే మీ బాధ అన్నట్టు రాశారు ఒకరు. మాకు 2021లో ఎన్నికలయ్యాయి, కార్పొరేటర్లొచ్చారు. కాలువలు పొంగడం ఆగిందా? అడగడానికి ఒక మనిషి దొరికాడు, అంతవరకే. సగం చోట్ల ఆయనే వచ్చి "మనవాడే, చూసీచూడనట్టు వదిలెయ్యండి" అంటాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి మా వైపు గజం రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. పాత పేటల్లో ఇల్లు ఖాళీ అయితే చాలు, బోర్డు లేస్తోంది.

వార్డు_రికార్డు | మంగళవారం ఉదయం 9:40

తమ్ముడూ, అడగడానికి మనిషి దొరకడం చిన్న విషయం అనుకుంటున్నావు, లేనివాళ్లకి తెలుస్తుంది.

టౌన్_బయట_ప్లాటు | మంగళవారం మధ్యాహ్నం 12:15

ఎవరూ అనని మాట ఒకటి. హైవేకి అవతల లేఔట్లు వేశారు కదా, నలభై అడుగుల రోడ్లు, నేను కూడా ఒక ప్లాటు కొన్నాను. ఖాళీగా పడుంది. తుప్పలు మొలిచాయి, సాయంత్రమైతే పాములు. కుళాయి లేదు, వీధి దీపాల్లేవు, బడికెళ్లే ఆటో రాదు. అక్కడ అయిదంతస్తులేం ఖర్మ, పదంతస్తులు కట్టినా రోడ్డు మోస్తుంది, కానీ ఎవరూ కట్టరు. అందరూ వచ్చి ఆ ఇరవై అడుగుల వీధిలోనే పడుతున్నారు, ఎందుకంటే ఆసుపత్రి, బడులు, బస్సు కాంప్లెక్సు, బజారు అన్నీ అక్కడే. వెడల్పున్న చోట నీళ్లు లేవు, నీళ్లు కాస్తో కూస్తో ఉన్న చోట వెడల్పు లేదు. నీళ్ల పైపు ముందు అటు తీసుకెళ్తే మీ వీధి మీద బరువు తగ్గేది. ఎత్తు కట్టడం తప్పు కాదు, ఎక్కడ కడుతున్నామన్నది చూడాలి.

సిమెంటు_బస్తా | మంగళవారం మధ్యాహ్నం 12:50

నూటికి నూరుపాళ్లు. అందరూ విడివిడి ఇళ్లే కట్టుకుంటామంటే ఊరు పొలాల మీదకి పాకుతుంది, అప్పుడు పైపు ఇంకా పొడవు కావాలి. అపార్టుమెంటు దానికి మందే. ఏ వీధికి ఎంత మోతాదన్నది ఎవరో ఒకరు చూడాలి కదా, ఆ చూసేవాడే లేడు.

బలగమెట్టు_బాబాయ్ | మంగళవారం మధ్యాహ్నం 1:30

అదంతా సరే. కాలువల్లో పోసిందంతా చివరికి నాగావళిలోకే పోతోంది, మనకి కుళాయిలో వచ్చేదీ నాగావళే. పైన ఎంత పెద్ద మనిషైనా, అయిదో అంతస్తులో ఉన్నా, తాగేది అదే నీళ్లు. ఆ ముక్క అర్జీలో రాయండి.

మందార_చెట్టు | మంగళవారం సాయంత్రం 4:45

అర్జీలో పాత ఇళ్లవాళ్లు ఒక్కరే సంతకం పెడితే "కొత్తవాళ్లంటే పడదు" అని పక్కన పడేస్తారు. ఫ్లాట్లవాళ్లు కూడా పెట్టాలి. మా బిల్డింగులో ఆడవాళ్లందరితో నేను పెట్టిస్తాను, నీళ్ల బాధ ముందు తెలిసేది వాళ్లకే.

ఫ్లాట్_302 | మంగళవారం సాయంత్రం 5:30

మా అసోసియేషన్లో మాట్లాడాను. పదిహేను ఫ్లాట్లలో పదకొండు మంది సరే అన్నారు. కుళాయి పైపుకి ఉన్న మోటారు తీసేస్తాం, నీళ్లు సంపులోకి వాటంతట అవి వచ్చినన్నే వస్తాయి. కానీ పాత ఇళ్లవాళ్లు కూడా తియ్యాలి, మేం ఒక్కళ్లమే తీస్తే నష్టపోయేది మేమే. ర్యాంపు మధ్యలో రెండడుగులు కోయించి జాలీ వేయించడానికి ఒప్పుకున్నారు. జిరాక్సు షాపు విషయంలో మాత్రం గొడవైంది, ఆ అద్దెతోనే లిఫ్టు మెయింటెనెన్సు నడుస్తోందట. అది తేలలేదు.

పాత_ఇల్లు | మంగళవారం రాత్రి 8:00

చాలా సంతోషం. మా పక్క నాలుగిళ్లలో మోటార్లున్నాయి, ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతా ఇద్దరు "ముందు వాళ్లని తియ్యమనండి" అంటున్నారు.

సమాచార హక్కు దరఖాస్తులో వార్డు రికార్డు గారు చెప్పినవి రాశాను. సిమెంటు బస్తా గారి లెక్క అర్జీకి జతచేస్తున్నాను. ఇంకో రెండు అడుగుదామనుకుంటున్నాను: రోడ్డు కోసం ముందు జాగా వదులుతున్నట్టు ప్లానుల్లో గీత గీస్తారు కదా, మా వీధిలో ఆరు ప్లానుల్లో ఎంత వదిలారు, అది ఇప్పుడు ఎవరి ర్యాంపు కింద ఉంది? ఆదివారం పొద్దున్న వీధి కొలుద్దాం. కాలువ వెడల్పు, లోతు, ర్యాంపుల పొడవు, స్టిల్టుల్లో నిజంగా ఎన్ని కార్లు పడతాయి, అన్నీ. టేపు ఎవరి దగ్గరైనా ఉందా?

సిమెంటు_బస్తా | మంగళవారం రాత్రి 8:12

ముప్ఫై మీటర్ల టేపు నా దగ్గరుంది. ఏడింటికి వస్తాను, ఎండెక్కకముందే అయిపోవాలి.

సిక్కోలు_టు_చెన్నై | మంగళవారం రాత్రి 8:40

నేను ఆదివారం ఊళ్లోనే ఉంటాను. ఫోటోలు తీసి తేదీలతో పెడతాను. బాబాయ్, బస్సు టికెట్ నేనే కొనుక్కున్నాను.

గజం_బిల్డర్ | మంగళవారం రాత్రి 9:25

కొలతలకి నేనూ వస్తాను. కాలువ నా సైటు ముందు ఎంత లోతు తవ్వాలో చెబితే తవ్విస్తాను. అయిదో అంతస్తు మాట మాత్రం అక్కడ ఎత్తకండి, స్థలం యజమాని కూడా వస్తారు.

పాత_ఇల్లు | మంగళవారం రాత్రి 9:31

రండి. వచ్చేటప్పుడు మంజూరైన ప్లాను కాపీ పట్టుకు రండి. బోర్డు ముందు ఇసుక కూడా రేపే తీయించండి.